ఈపొద్దు మిషన్ తిరగదు

సబ్‌స్టేషన్‌లో ఏదో కాలిందంట,
రేపు దీపాలేళ దాకా కరెంటు రాదంట,
రాత్రే ఫోను చేసి చెప్పినాడు మేస్త్రీ బాలనరసింహులు.
ఒకరోజు కూలి పాయెనే అని నోరు అన్నది గానీ
నడుము అప్పుడే చాపకు ఒరిగింది.

తెల్లారింది.
మొదట చెవులకు తెలీలేదు.
ఇరవైరెండేండ్లుగా బండను అరగదీసే కూత
తలకాయలో గూడు కట్టుకోనుంది.
ఎగరను మనసొప్పని పావురం లాగా
అది ఎనిమిది గంటలకు మెల్లగా లేచిపోయింది.
అప్పుడు వినపడినాయి
మాబున్ని గాజులు,
పక్కింట్లో నీళ్లు పోసుకునే చెంబు,
తాడిపత్రి స్టేషన్ దాటిపోయే గూడ్సుబండి, చివరి డబ్బా దాకా.
లెక్కపెట్టినాను. యాభై ఎనిమిది.
రోజూ ఇదే వేళకు పోతాదంట. నాకేం తెలుసు!

పొద్దున సద్ది సంగటి.
రాత్రి మిగిలిన ముద్దను మజ్జిగలో పిసికి
ఎర్రగడ్డ అరముక్క కొరుక్కుంటా తాగితిమి.
మిగతా అరముక్కను మాబున్ని
గిన్నె కింద బోర్లించి దాచింది, నగ దాచినట్టు.
జీతానికి ఇంకా ఆరు రోజులుంది.
మిరపకాయలున్నాయి, చింతపండుంది,
డబ్బాలో జొన్నపిండి గీత కిందికి దిగింది.
ఆ గీత బొగ్గుతో ఆమే గీసింది,
అది దాటితే భయపడాలని మా ఇద్దరి ఒప్పందం.
ఈపొద్దు భయపడకూడదని ఇంకో ఒప్పందం.

మా ఇంటి నేలంతా తీసేసిన ముక్కలే.
మూల విరిగిందొకటి, మచ్చపడిందొకటి,
షావుకారు కాలితో తోసేసిందొకటి.
సైకిల్ మీద ఒక్కొక్కటే తెచ్చి పరిచినాను.
తలుపు దగ్గరి నల్లబండలో తెల్లటి నరముంది,
ఎండాకాలం పెన్నలో మిగిలిన నీటిపాయ మాదిరి.
చొక్కా ఇప్పేసి దాని మీద పండుకుంటే
వీపుకు బావినీళ్ల చలవ.
ఎన్ని వేల బండలకు నునుపెక్కించినానో,
పండుకొని చూసింది మాత్రం దీని మీదనే.

మాబున్ని గడపలో కూచొని బొంత కుడుతోంది.
మా తాత నబీసాబు దూదేకే విల్లు భుజానేసుకొని
ఊరూరా తిరిగినోడు.
నారి టింగుమంటే దూది పొగలా లేచేదంట.
నేను చూడలేదు. మా నాయన చెప్పేటోడు,
చెప్పేటప్పుడు ఆయన చేతులు గాల్లో తేలేవి.
తాత మెత్తన చేసినాడు, నేను నున్నన చేస్తాను.
ఆ పరుపుల మీద ఎవరు నిద్రపోయినారో,
ఈ బండల మీద ఎవరు నడుస్తున్నారో.

మద్యాన్నం జొన్నరొట్టె.
రోట్లో ఊరిబిండి. వేయించిన శెనక్కాయలు, ఎండుమిరప,
చింతపండు, తెల్లగడ్డ రెండు రెబ్బలు,
చివర్లో ఆ దాచిన అరముక్క.
రోజూ షెడ్డులో బండపిండి నీళ్ల పక్కన
పన్నెండు నిమిషాల్లో కూడు మింగేవాన్ని.
ఈపొద్దు నమిలినాను.
నమిలితే జొన్న తియ్యన!
నలభై ఆరేండ్లొచ్చినాక తెలిసింది నాకీ సంగతి.
మాబున్నికి చెప్పినాను. నవ్వింది.
నా పళ్లెంలోకి ఇంకో అర రొట్టె తుంచేసింది.
నీకో అంటే, నేను అప్పుడే తింటి అన్నది.
ఇల్లు ఇంత నిమ్మళంగా ఉంటే
అబద్ధం కూడా వినపడుతుంది.
సగం తుంచి వాపసిచ్చినాను.

గోరుసందుల్లోని తెల్లపిండిని పుల్లతో గీక్కుంటా
అరుగు మీద కూచున్నాను.
ఫకీరమ్మ బడినించి వచ్చి
"నాయనా, జరమొచ్చిందా?" అని నుదురు ముట్టి చూసింది.
లేదు తల్లీ, ఊరికే ఉన్నాను.
"ఊరికే అంటే?"
చెప్పను తెలీలేదు. పక్కన కూచోమన్నాను.
సంచి కూడా దించకుండా కూచుంది.
కొంచేపు ఇద్దరం ఊరికే ఉన్నాము.

దీపాలేళకు బల్బు కన్ను తెరిచింది.
ఫ్యాను కిర్రుమన్నది. వీధిలో పిల్లలు ఓ అని అరిచినారు.
మాబున్ని లేచి పోయి స్విచ్చి ఆపింది.
"ఉండనీ ఇంకొంచేపు" అన్నది.
చీకట్లో పొయ్యి మీద
ఉలవలు ఉడికే వాసన ఒకటే కదులుతోంది.